పశువైద్య విద్యలో మనోభారం

పశువైద్య విద్యార్థుల మానసిక ఒత్తిడికి కారణం వారి బలహీనత కన్నా ఆ చదువు నడిచే తీరే. బీవీఎస్సీ కోర్సు నిడివి అయిదున్నరేళ్లు: నాలుగున్నరేళ్లు తరగతులు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. వైద్య విద్యార్థి మనిషి శరీరమొక్కటే చదువుతాడు. ఇక్కడ ఆవు, గేదె, మేక, గుర్రం, కుక్క, కోడి అన్నింటి నిర్మాణమూ, రోగాలూ, మందుల మోతాదులూ నేర్చుకోవాలి. నెమరువేసే పశువుకు చేసే వైద్యం కుక్కకు పనికిరాదు.

భారం కొందరికి ప్రవేశంతోనే మొదలవుతుంది. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్, కోరుట్ల లాంటి కళాశాలల్లో చేరేవారిలో ఎంబీబీఎస్ సీటు ఆశించి, రాక ఇటు వచ్చినవారూ ఉంటారు. ఇష్టపడి చేరినవారు సైతం 'పశువుల డాక్టరా?' అన్న చిన్నచూపును ఎదుర్కొంటారు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి ఇంగ్లిష్ పాఠాలు మరో బరువు.

అసలు పరీక్ష ఎదురయ్యేది పశువుల దగ్గర. దూడ అడ్డం తిరిగి గేదె ఈనలేకపోతుంటే, ఇంటర్న్ భుజం దాకా చేయి లోపలికి పోనిచ్చి, దూడ కాళ్లకు తాడు తగిలించడానికి తంటాలు పడతాడు. పాల డబ్బుతో అప్పు తీర్చుకుంటున్న రైతు కుటుంబం పక్కనే నిలబడి చూస్తుంటుంది. గేదె చనిపోతే ఆ ఇంటి ఆదాయమే పోతుంది. 'నాకు ఇంకాస్త పని వచ్చి ఉంటే బతికేదేమో' అన్న ఆలోచన ఇంటర్న్‌ను వెంటాడుతుంది. దాని గురించి ఎవరితోనైనా మాట్లాడేలోపే తర్వాతి కేసు వస్తుంది.

చికిత్స ఉందని తెలిసీ, యజమాని దగ్గర డబ్బు లేక చేయలేకపోవడం మరో వేదన. కోలుకునే ఆశ లేక నరకయాతన పడుతున్న జంతువుకు కారుణ్య మరణం కల్పించే వీలు 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో ఉంది. అయితే ప్రాణం కాపాడటానికి నేర్చిన చేత్తోనే ప్రాణం తీయాల్సి రావడం ఇరవై ఏళ్ల విద్యార్థికి తేలిక కాదు. గోవు విషయంలో చట్టాలు, విశ్వాసాలు కూడా అడ్డు నిలిస్తే, ఆ బాధను చూస్తూ ఊరుకోవాల్సి వస్తుంది.

ఈ భారం చదువుతో ముగిసిపోదు. అమెరికాలో 1979-2015 మధ్య మరణాలను పరిశీలించి 2019లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, సాధారణ జనాభాతో పోలిస్తే పశువైద్యుల్లో ఆత్మహత్య మరణాలు పురుషుల్లో 2.1 రెట్లు, మహిళల్లో 3.5 రెట్లు ఎక్కువ. బ్రిటన్‌లో పశువైద్యుల నియంత్రణ సంస్థే 2014లో 'మైండ్ మ్యాటర్స్' పేరుతో మానసిక ఆరోగ్య కార్యక్రమం చేపట్టింది.

విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వంద మంది, ఆపైన విద్యార్థులున్న సంస్థల్లో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని ఆదేశించింది. పశువైద్య కళాశాలల్లో ఆ కౌన్సెలర్‌కు పరీక్షలతో, మార్కులతో సంబంధం ఉండకూడదు. అప్పుడే విద్యార్థి మనసు విప్పగలడు. పశువు చనిపోయిన ప్రతి కేసు తర్వాతా అధ్యాపకుడు పది నిమిషాలు కూర్చుని, జరిగింది చర్చించాలి. చావు కబురు యజమానికి ఎలా చెప్పాలో సూది వేయడం నేర్పినంత శ్రద్ధగా నేర్పాలి. రాత్రి డ్యూటీ తర్వాత విశ్రాంతి, చేసే పనికి తగిన స్టైపెండ్ సైతం మానసిక ఆరోగ్యంలో భాగమే. అత్యవసర సాయానికి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ప్రతి హాస్టల్లో కనిపించాలి. ఏడాదికోసారి పెట్టే అవగాహన సదస్సు వీటికి ప్రత్యామ్నాయం కాదు.