శ్రుతి చూపే యంత్రం ఎవరి స్వరాలను చూపాలి?

శ్రుతిని తల్లిగాను, లయను తండ్రిగాను భావించే సంప్రదాయం మనది. ఆ తల్లిని అరచేతిలో ఇమిడే యంత్రాలలోను, చేతిఫోనులలోను వెదుకుకొనే కాలం వచ్చినది. అందులో దోషమేమీ లేదు. కాని బజారులో దొరికే ప్రతి ట్యూనరూ మన శ్రుతికి పనికివస్తుందని అనుకోరాదు. ఖవ్వాలీ పాడే విద్యార్థులూ, పద్యనాటకం ఆడే విద్యార్థులూ ఒకే వేదికను పంచుకొనే మన వంటి కళాశాలలో, ఏ సాధనం కొనవలెనన్న విషయాన్ని కళాశాల సంఘం వారు ధరల పట్టీ చూచి మాత్రమే తేల్చరాదని నా మనవి.

సాధారణమైన ట్యూనరు పనిచేసే తీరు ముందుగా తెలుసుకొనవలెను. ఆధార షడ్జం నుండి తారస్థాయి షడ్జం వరకు గల దూరాన్ని 1200 సెంట్లుగా కొలిచే పద్ధతిని ఆంగ్ల విద్వాంసుడు అలెగ్జాండర్ ఎల్లిస్ 1885లో ప్రచారంలోకి తెచ్చినాడు. పియానోలో ఆ దూరం పన్నెండు సమానమైన మెట్లు; మెట్టుకు 100 సెంట్లు. బజారు ట్యూనరుకు తెలిసినవి ఆ పన్నెండు మెట్లే. మనం పలికిన స్వరం దగ్గరి మెట్టుకు ఎంత ఎగువనో, ఎంత దిగువనో ముల్లుతో చూపుట దాని పని. పంచమం విషయంలో ఇబ్బంది లేదు. సహజ పంచమం 702 సెంట్లు, యంత్రపు పంచమం 700. ఈ తేడాను చెవి క్షమిస్తుంది. గాంధారం దగ్గరనే చిక్కు. బాగుగా శ్రుతి చేసిన తంబురాలో తానుగా మ్రోగే అంతర గాంధారం షడ్జానికి 5:4 నిష్పత్తిలో, అనగా 386 సెంట్ల వద్ద ఉంటుంది. యంత్రం 400ను ప్రమాణంగా పెట్టుకొని, 14 సెంట్లు తగ్గినదని ఎర్రదీపం వెలిగిస్తుంది. తంబురాతో లీనమై పాడిన పిల్లవాడు ఆ దీపానికి జడిసి స్వరాన్ని పైకి లాగుతాడు. ఒప్పును తప్పుగా దిద్దిన గురువు ఇక్కడ యంత్రమే!

అరబ్బు సంగీతంలో ఈ చిక్కు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. రాస్త్ అనే మఖామ్‌లోని మూడవ స్వరం మన సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ నిలుస్తుంది. ఎనిమిదవ శతాబ్దిలో బాగ్దాదులో ఊద్ వాయించిన మన్సూర్ జల్జల్ పేరుతో ప్రసిద్ధమైన స్వరస్థానం ఇటువంటిదే. పదవ శతాబ్దిలో అల్ ఫారాబీ నమోదు చేసిన 27:22 నిష్పత్తిని లెక్కిస్తే అది సుమారు 355 సెంట్లు అవుతుంది. బజారు ట్యూనరు ముందు ఈ స్వరాన్ని పలికించి చూడండి. 300కు 50 దాటినందున దిగువ మెట్టు తనది కాదంటుంది. ఎగువ మెట్టు 45 తక్కువ అంటుంది. గొంతు కొంచెం కదలితే చాలు, ముల్లు ఒక చివరి నుండి మరొక చివరికి గెంతుతుంది. పాపం, దానికి ఆ స్వరానికి పేరే లేదు.

1932లో కైరో నగరంలో జరిగిన అరబ్బు సంగీత మహాసభలో ఈ విషయమై పెద్ద వాదమే నడిచినది. స్థాయిని 24 సమభాగాలు చేయుదమని ఈజిప్టు వారిలో కొందరు పట్టుబట్టగా, తుర్కీ విద్వాంసుడు రవూఫ్ యెక్తా వంటి వారు అందుకు సమ్మతించలేదు. తుర్కీ సిద్ధాంతంలో ఒక పూర్ణస్వరానికి తొమ్మిది కోమాలు. కోమా సుమారు 23 సెంట్లు. వారి కానూన్ వాద్యంలో తీగెల క్రింద మందల్ అనే చిన్న లోహపు మీటలు అమర్చి ఈ సూక్ష్మభేదాలను పలికిస్తారు. రాస్త్‌లోని ఆ మూడవ స్వరమే కైరోలో కంటె ఇస్తాంబులులో ఎగువన వినబడుతుంది. ఇందులో ఎవరిది ఒప్పని యంత్రాన్ని అడుగుట ఎంత అవివేకము!

మన దేశం ఇటువంటి పాఠాన్ని హార్మోనియం రూపంలో నేర్చుకొన్నది. పారిసులో అలెగ్జాండర్ దెబేన్ 1842లో హక్కు పొందిన వాద్యాన్ని కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ చేతితిత్తి పెట్టెగా మలచగా, అది దర్గా ముంగిట ఖవ్వాలీకీ, మన నాటక వేదికపై పద్యానికీ ప్రాణమైనది. మెట్టు నుండి మెట్టుకు జారలేదనీ, శ్రుతులు పలుకలేదనీ ఆకాశవాణి 1940లో దానిని వెలివేసి, 1971లో గాని ఆంక్ష సడలించలేదు. ఆక్షేపణలో సత్యం ఉన్నది. శిక్ష మాత్రం అన్యాయమైనది. ఏలననగా హార్మోనియం రీడును మార్చుకొనవచ్చును. రీడు కొస వద్ద సన్నగా గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలు వద్ద గీకితే తగ్గుతుంది. గాంధారపు రీడును 386కు దించదలచిన పనివానికి ఆ అంకెను నిలిపి చూపే ట్యూనరు ఎంతటి ఉపకారి! పన్నెండు మెట్ల ట్యూనరు అతనిని మరల 400కే తరుముతుంది.

కనుక కొనదలచిన సాధనానికి రెండు గుణాలు తప్పనిసరి. షడ్జాన్ని గాయకుని ఇష్టం వచ్చినచోట పెట్టుకొనే వీలుండవలెను. ఒకరికి ఒకటిన్నర శ్రుతి, మరొకరికి అయిదు. తక్కిన స్వరస్థానాలను సెంట్లలో మనమే వ్రాసి ఇచ్చే వీలుండవలెను. పీటర్సన్ సంస్థ స్ట్రోబ్ ట్యూనర్లలో ఈ సదుపాయం ఉన్నది. స్వరం కుదిరినప్పుడు కదలే చారలు నిలిచిపోతాయి, సెంటులో పదవ వంతు తేడా సైతం చారల కదలికలో తెలుస్తుంది. కంప్యూటరు ఉన్నచోట నెదర్లాండ్స్ వాసి మాన్యుయెల్ ఆప్ డి కౌల్ రూపొందించిన స్కాలా ఉచితంగానే లభిస్తుంది. దానితోపాటు దొరికే భాండాగారంలో అయిదు వేలకు పైగా స్వరక్రమాలున్నవి. ఒక్కొక్క క్రమం సామాన్యమైన అక్షరాలలో వ్రాసిన చిన్న దస్త్రం. నిష్పత్తిగానైనా, సెంట్లుగానైనా మన విద్యార్థులే కొత్తవి వ్రాయగలరు. లెక్కల విద్యార్థులకు ఇది మంచి సరదా కూడాను.

ఇంతటి సాధనమూ తోడి గాంధారం ముందు నిస్సహాయమే. ఆ స్వరం ఒకచోట నిలువదు, ఊగుతుంది. దర్బారీ గాంధారమూ అంతే. సుబ్బరామ దీక్షితులు 1904లో ప్రకటించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో గమకాలకు ప్రత్యేకమైన గుర్తులు తెలుగులిపిలో స్వరాలతోపాటు అచ్చువేయించవలసి వచ్చినది అందుకే. గమకాన్ని చూడదలచిన వారికి ముల్లు కాదు, గీత కావలెను. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు గొంతు ఎక్కి దిగిన దారిని గీతగా చూపుతుంది. అది భాషాధ్వనుల పరిశోధనకు పుట్టినది గనుక ఉర్దూ, తెలుగు శాఖల వారికీ అక్కరకు వస్తుంది.

దుకాణంలో పరీక్ష సులభం. షడ్జాన్ని మన గాయకుని శ్రుతికి నిలిపి, 386 అనీ, 355 అనీ రెండు స్వరాలు వ్రాయించి, వాటిని పలికినప్పుడు ముల్లు నడుమ నిలుస్తుందేమో చూడవలెను. నిలువకపోతే తిరిగి రావచ్చును. నిలిచినదానిలో అతి చవుకైనది ఒక్కటి తీసుకొని, మిగిలిన సొమ్ముతో తంబురాకు కొత్త తీగెలు వేయించవలసినదిగా సంఘం వారిని కోరుతున్నాను.