కొలిచేదెవరు? ఆడేదెవరు?

"యంత్రానికి వర్గం లేదు" అనే మాట ఈమధ్య మన అభ్యుదయ మిత్రుల నోట కూడా తరచు వినపడుతున్నది. మొన్న దసరా సెలవుల్లో మా ఇంట్లో జరిగిన వాదన ఈ మాటతోనే మొదలయింది.

నా పూర్వ విద్యార్థి ఒకడు చూడవచ్చాడు. భూగోళశాస్త్రంలో ఎమ్.ఎస్సీ. చేసి, హైదరాబాదులో ఒక కంపెనీలో పటాలు గీస్తున్నాడు. ఏం పటాలురా అని అడిగితే, "గోల్ఫు మైదానాలు మాస్టారూ, స్మార్ట్‌ఫోను యాప్‌కోసం" అన్నాడు. ఆకాశంనుంచి తీసిన ఫోటోను కంప్యూటరుమీద పెట్టుకుని గడ్డి అంచూ, ఇసుకగుంట అంచూ, నీటిమడుగు అంచూ వెంట చుక్కలు పెట్టుకుంటూ పోవాలి. రోజుకు ఇన్ని అని లెక్క. గీసేవన్నీ పరాయి దేశపు మైదానాలే. "నువ్వెప్పుడైనా అటువంటి మైదానంలో అడుగుపెట్టావా?" అన్నాను. నవ్వాడు. "మన వూళ్లోదానికి గేటుదాకా వెళ్లాను మాస్టారూ" అన్నాడు.

అక్కడే కూర్చున్న మా సహోపాధ్యాయుడు, మంచి చదువరి, మన సభలకు మానకుండా వచ్చేవాడు, అందుకున్నాడు. "ఆటకు పటం గీస్తే అందులో వర్గం ఎక్కడ దొరికింది మీకు? గజం గజమే. ధనికుడికొక గజమూ, పేదవాడికొక గజమూ వుంటాయా?"

ప్రశ్న చురుకైనదే. ఇది ఆయన ఒక్కడి ప్రశ్న కాదు గనుక బహిరంగంగానే జవాబు చెప్పవలసి వున్నది.

ముందు వస్తువేమిటో చూద్దాం. గోల్ఫు మైదానంలో మామూలుగా 18 హోల్సు వుంటాయి. ఒక్కొక్కటీ "టీ" అనే చోట మొదలై "గ్రీను" అనే నున్నటి గడ్డిమీద ముగుస్తుంది. ఆ గ్రీనులో నాలుగుంబావు అంగుళాల గుంటలో బంతి పడాలి. దారిలో ఇసుకగుంటలు, మడుగులు, చెట్లు అడ్డం. ప్రతి దెబ్బకూ ముందు ఆటగాడికి తెలియవలసింది ఒకటే: ఇక్కడినుంచి ఎంత దూరం? దాన్నిబట్టి సంచిలోంచి కర్ర తీస్తాడు. ఇప్పుడా జవాబు ఫోను చెపుతున్నది: గ్రీను ముందు అంచుకు ఇన్ని గజాలు, నడిమికి ఇన్ని, వెనుక అంచుకు ఇన్ని. దూరం కొలిచే పరికరాలను చాలాకాలం ఆట నియమాలు ఒప్పుకోలేదు. 2006లో స్థానికంగా అనుమతించుకోవచ్చునన్నారు. 2019నుంచి మామూలుగానే ఒప్పుకున్నారు. ప్రపంచంలో సుమారు 38 వేల గోల్ఫు మైదానాలున్నాయి. వాటిలో అయిదింట రెండు వంతులకు పైగా ఒక్క అమెరికాలోనే. ఇంత బజారు కళ్లముందు తెరుచుకుంటే పెట్టుబడి వూరుకుంటుందా?

ఈ గజాలు ఎక్కడినుంచి వచ్చాయి? "ఉపగ్రహం చెపుతుంది" అంటారు చాలామంది. ఇది తప్పు. ఉపగ్రహం కాలసంకేతం పంపుతుంది, అంతే. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందుకుని ఫోను తానెక్కడ వున్నదో లెక్క కట్టుకుంటుంది. తెరిపి ఆకాశం కింద అయిదు మీటర్ల అటూ యిటూగా ఆ లెక్క సరిపోతుంది. కాని ఇసుకగుంట ఎక్కడ వున్నదో, గ్రీను అంచు ఎక్కడ వున్నదో ఉపగ్రహానికి తెలియదు. అది ఒక మనిషి చెప్పాలి. ఆ మనిషి చేత యంత్రం పట్టుకుని మైదానమంతా నడిచి గుర్తులు పెట్టినవాడైనా కావాలి, నా శిష్యుడిలాగా ఫోటోమీద చుక్కలు పెట్టినవాడైనా కావాలి. గ్రీను మార్చి కట్టినప్పుడల్లా మళ్లీ ఒకడు గీయాలి. తప్పులుంటే ఆటగాళ్లే రాసి పంపుతారు. ఆ శ్రమ కంపెనీకి ఉచితం. ఇంతా చేసి, గ్రీనుమీద ఆ గుంటను మైదానపు పనివాడు చోటు మార్చి మార్చి తవ్వుతుంటాడు. ఆ వేళ అదెక్కడ వున్నదో తెలిసినవాడు అతనే.

ఇక ఆ ఉపగ్రహాలు ఎవరివి? అమెరికా సైన్యం తన యుద్ధావసరాలకు, ప్రజల పన్నులతో వాటిని పంపింది. మొదటిది 1978లో ఎగిరింది. ఏర్పాటు 1995 నాటికి పూర్తయింది. 2000 మే దాకా పౌరులకు అందే సంకేతాన్ని కావాలనే చెడగొట్టి వుంచారు. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. ఆ నెలలో ఆ చెరుపు మానిన తర్వాతనే చేతిలో పట్టే చవక పరికరం ఇటువంటి పనులకు అక్కరకు వచ్చింది. ప్రజల సొమ్ముతో ఎగిరిన ఉపగ్రహం, కూలికి గీసిన పటం, ఊరికే దిద్దిపెట్టిన ఆటగాడు. ఈ మూడింటి చుట్టూ కంచె వేసి గుమ్మం దగ్గర ఏడాది చందా వసూలు చేసేవాడు నాలుగోవాడు. యంత్రానికి వర్గం లేకపోవచ్చు, కంచెకు వుంది.

పటం గీసినవాడి పేరు పటంలో లేకపోవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. మెకంజీ దొర మన దేశం కొలిచి 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయనకోసం వూరూరా తిరిగి శాసనాలూ కైఫీయతులూ కూర్చినవారిలో ముఖ్యులు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. 1821లో దొర పోయిన తర్వాత ఆ పని తాను సాగిస్తానని లక్ష్మయ్య ముందుకు వస్తే ఏషియాటిక్ సొసైటీ పెద్దలు ఒప్పుకోలేదు. సేకరణకు ఈనాటికీ మెకంజీ పేరే. ఆనాడు యజమాని పేరైనా ఒకటి వుండేది. నేటి యాప్‌లో వ్యాపారచిహ్నం తప్ప మనిషి పేరే లేదు.

అసలు విషయానికి వస్తాను. ఫోను రాకముందు ఈ దూరాలు ఎవరికి తెలుసు? క్యాడీకి తెలుసు. సంచి మోసే మనిషికి. ఏ చెట్టు దగ్గరినుంచి ఎన్ని గజాలో, సాయంత్రపు గాలి ఎటు తోస్తుందో, ఏ గ్రీను ఎటు వాలిందో ఏళ్ల తరబడి నడిచి నేర్చినవాడు అతను. అమెరికాలో అగస్టా నేషనల్ క్లబ్బులో జరిగే మాస్టర్స్ పోటీలో 1982 దాకా ప్రతి ఆటగాడూ ఆ క్లబ్బు క్యాడీనే పెట్టుకోవాలని నిబంధన. ఆ క్యాడీలు నల్లవారు. అక్కడి వృత్తి ఆటగాళ్ల సంఘం నియమావళిలో "తెల్లవారికి మాత్రమే" అన్న షరతు 1961 దాకా వుండేది. అగస్టా క్లబ్బు మొదటి నల్లజాతి సభ్యుణ్ణి చేర్చుకున్నది 1990లో. మైదానాన్ని అందరికంటె బాగా ఎరిగినవారికి అందులో ఆడే హక్కు లేదు! 1983నుంచి ఆటగాళ్లు తమ క్యాడీలను తామే తెచ్చుకోవచ్చునన్నారు. స్థానికుల అన్నం పోయింది.

మన దేశంలోనూ ఇదే వరస. కలకత్తాలో దొరలు 1829లోనే గోల్ఫు క్లబ్బు పెట్టుకున్నారు. దొరలు పోయారు, గేటు వుండిపోయింది. ఆ కలకత్తా మైదానంలో గడ్డి సాకిన మనిషి కొడుకు చౌరాసియా 2008లో ఇండియన్ మాస్టర్స్ గెలిచాడు. ఢిల్లీలో క్యాడీగా పెరిగిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. తెలివి ఎక్కడ వున్నదో ఈ రెండు పేర్లే చెపుతాయి. ఇద్దరిని చూపించి "చూశారా, దారి తెరిచే వుంది" అనేవారికి మిగతా క్యాడీలు కనిపించరు.

ఇక్కడ మా సహోపాధ్యాయుడు గట్టి ప్రశ్నే వేశాడు. "అయితే ఒక మనిషి ఇంకొక మనిషి సంచి మొయ్యడం కలకాలం సాగాలంటారా?" అనక్కరలేదు. బరువు దించే యంత్రం ఏదయినా మనకు చుట్టమే. కాని ఈ పటం చేసిన పనేమిటి? భుజంమీది సంచిని దించలేదు, తలలోని తెలివిని మాత్రం తీసుకుపోయింది. నిన్నటిదాకా సలహా అడిగిన ఆటగాడు ఇవాళ ఫోను చూసుకుని చెయ్యి చాపుతాడు, "ఆ కర్ర ఇవ్వు" అంటాడు. పనివాడి నేర్పు యంత్రంలోకి పోయి, పనివాడే యంత్రానికి తోకగా మిగలడాన్ని మార్క్సు వంద యాభై ఏళ్లకు పూర్వమే మిల్లుల్లో చూపించాడు. మనం దాన్ని పచ్చగడ్డిమీద చూస్తున్నాం.

"గజం గజమే" అన్న మాటను ఇప్పుడు పరీక్షిద్దాం. ఆటగాడి సరదాకోసం ఇసుకగుంట అంచును వంపు తప్పకుండా గీస్తారు. మన్యంలో పోడు చేసుకునే గిరిజనుడి సంగతేమిటి? 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం అతను 2005 డిసెంబరు 13 నాటికే ఆ నేల తన స్వాధీనంలో వున్నదని రుజువు చెయ్యాలి. పోడు చెక్క చిన్నది. చెట్ల మధ్య వుంటుంది. ఇప్పచెట్టును నరకడు. కొన్నేళ్లు బీడు వదులుతాడు. పైనుంచి తీసిన బొమ్మలో అది అడవిలాగానే కనపడవచ్చు. అందుకనే 2012లో సవరించిన నిబంధనలు, ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదని చెప్పవలసి వచ్చింది. అయినా గుజరాతులో ఆ బొమ్మలమీదనే ఆధారపడి దరఖాస్తులు తోసిపుచ్చడం, వ్యవహారం హైకోర్టుకెక్కడం, 2013లో కోర్టు వాటిని తిరిగి పరిశీలించమనడం జరిగాయి.

పైనున్నది అదే ఆకాశం. ఒకరికి అది సలహాదారు, మరొకరికి ఎదురు సాక్షి. ఒకరి ఇసుకగుంట అంచును మనిషిని పెట్టి దిద్దిస్తారు. మరొకరి చేను అంచును చూడడానికి మనిషిని పంపరు. గజాల్లో తేడా లేదు. ఎవరి నేలమీద శ్రద్ధగా కొలుస్తారన్నదాంట్లోనే వర్గం వుంది.

దీన్నిబట్టి "ఈ పటాలన్నీ పెట్టుబడిదారీ మాయ, మనకెందుకు?" అని చేతులు దులుపుకునే మిత్రులు కూడా వున్నారు. ఈ వాదం మొదటిదానికంటె ప్రమాదం. 2010 జనవరిలో హైతీ దేశంలో భూకంపం వచ్చినప్పుడు రాజధానికి సరైన పటం లేదు. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉమ్మడి పటంలో, ఉపగ్రహ చిత్రాలమీద వీధులు గీసి కొద్ది రోజుల్లో దాన్ని నిలబెట్టారు. సహాయానికి వెళ్లినవారు దాన్ని చేతబట్టుకుని తిరిగారు. నా శిష్యుడు చేసేది సరిగ్గా అదే పని: ఫోటోమీద చుక్కలు. చుక్క మారలేదు, యజమాని మారాడు. ఆ ఉమ్మడి పటంలో గోల్ఫు మైదానాలు కూడా వున్నాయి. వాటికి కంచె లేదు.

కాబట్టి మన విద్యార్థులూ ఉపాధ్యాయులూ చేయవలసిన పని వుంది. చుక్కలు పెట్టే కుర్రవాళ్లకు గంటల లెక్కా, తగిన జీతమూ, సంఘమూ కావాలని అడగాలి. ప్రజల సొమ్ముతో పుట్టిన కొలతలు ప్రజలవేనని అడగాలి. ఇక రచయితలు: మన కథల్లో సాఫ్ట్‌వేరు ఉద్యోగి అంటే విమానమెక్కే అల్లుడే ఇంకా. ఎన్నడూ చూడని మైదానాన్ని గీస్తూ కళ్లు పాడుచేసుకునే కుర్రవాడు మన సాహిత్యంలోకి ఎప్పుడు వస్తాడు?

వెళ్లేముందు నా శిష్యుడు ఫోనులో తన వూరు చూపించాడు. రోడ్డు వుంది, పెట్రోలు బంకు వుంది, రైసుమిల్లు పేరు వుంది. వాళ్ల పేటకు పేరు లేదు. శవాన్ని మోసుకుపోయే దారికోసం ఏళ్లుగా తగువు పడుతున్న వాళ్ల శ్మశానం జాడ లేదు. "పరాయి దేశంలో ఇసుకగుంటలు వేలకొద్దీ గీశాను మాస్టారూ, ఇది గీయమని ఎవరూ అడగలేదు" అన్నాడు.

ఎవరూ అడగరు. చందా కట్టేవాడు లేని చోటికి కంపెనీ కొలత రాదు. అడగవలసినవాళ్లం మనం. గీయడం చేతనైనవాళ్లూ మన పిల్లలే. గజం గజమేనని మా మిత్రుడన్నాడు. సరే, ఒప్పుకుంటాను. అయితే ఆ గజాన్ని ఈ సెలవుల్లో ఆ శ్మశానం దారిదాకా పట్టుకుపోదాం, రమ్మనండి.