నాన్న దిగిన చోటు

కాటన్ దొర కాలువలు పొలాలకే కాదు, పడవలకూ దారే. 1963లో నాకు ఆరేళ్లు. అమ్మని పురిటికి అమ్మమ్మగారింటికి తీసుకెళ్లాలి. బస్సయితే కుదుపులని ధవళేశ్వరంలో పొద్దున్నే తెరచాప పడవెక్కాం.

కడియం లాకుల్లో తలుపులు మూసి నీళ్లు వదిలేస్తుంటే, పడవా మెల్లగా కిందికి దిగడం నాకో వింత. లాకులు దాటాక గాలి పడిపోయింది. చాప దించేసి పడవవాళ్లు గట్టెక్కి, తాడు భుజాన వేసుకుని లాగడం మొదలెట్టారు. అమ్మ మొహంలో నొప్పి. బడిపంతులైన నాన్న మాట్లాడకుండా పంచె ఎగ్గట్టి గట్టు మీదికి దూకారు. తనూ తాడందుకున్నారు. దీపాలవేళకి అనపర్తి చేరాం. ఆ రాత్రే చెల్లాయి పుట్టింది.

మొన్న అదే గట్టున కార్లో వెళ్తుంటే అడిగింది: “అన్నయ్యా, నాన్న ఎక్కడ దిగారు?”

చూపించాను. కారు ఆపమంది.