అరిగిన బోల్టు - ఆగిన విత్తనము

తలుపుల, కదిరి, ధర్మవరము, పెనుకొండ, హిందూపురము ప్రాంతములలో వేరుశనగ సేద్యము చాలవరకు వానను నమ్ముకొనియే సాగుచున్నది. 2022 ఏప్రిల్ వరకు ఈ ప్రాంతము భాగమై యుండిన అనంతపురము జిల్లా సగటు వర్షపాతము ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇచ్చటి ఎర్రనేలలు త్వరగా ఆరిపోవును. పదును వాన కురిసిన పిదప విత్తుటకు దొరకు వ్యవధి రెండు మూడు దినములు. ఆ దినములలో విత్తు గొర్రు పొలములో నుండవలెను గాని మరమ్మతు కొట్టు ముందు నిలిచియుండరాదు.

కాని ఏటేటా కొన్ని గొర్రులైనను అట్లు నిలుచుచునే యున్నవి. కారణము ఇంజను చెడుట కాదు, చమురు లేకపోవుట కాదు. తరచుగా అది ఒక్క బోల్టు. సాళ్ల మధ్య ఎడము 30 సెంటీమీటర్లకు సరిచేయుటకు గాని, అరిగిన కర్రు మార్చుటకు గాని రైతు పానా పట్టును. బోల్టు కదలదు. బలముగా తిప్పగా తల మూలలు అరిగి గుండ్రనగును. తరువాత సుత్తి వచ్చును. సుత్తి దెబ్బకు బోల్టు రాదు. దానిని పట్టియున్న పోత ఇనుప భాగము పగులును. బోల్టు ఖరీదు కొద్ది రూపాయలు. పగిలిన భాగపు ఖరీదు వేలు. పోయిన పదునుకు వెల కట్టువారు లేరు.

బోల్టు ఎందుకు బిగిసిపోవును? విత్తనముతోపాటు ఎరువును వేయు గొర్రులలో ఈ బాధ మెండు. యూరియా, డి.ఎ.పి., పొటాషు వంటి ఎరువులు గాలిలోని తేమను పీల్చి ఇనుమును తినును. విత్తనము ముగియగానే పెట్టెను కడుగక, ఎరువు అడుగున నుండగానే గొర్రును చెట్టు క్రింద విడిచినచో, మరుసటి వాన వరకు దాదాపు పదకొండు నెలలు తుప్పు తన పని తాను చేసికొనును. ఎరువును మనమే కొని, మన యంత్రమునకే మేపుచున్నామన్నమాట.

రెండవ కారణము పానా. బోల్టు తలకు ఆరు పలకలుండును. నోరు తెరచిన పానా రెండు పలకలనే పట్టును. రింగు పానా తలను చుట్టును పట్టును. 8 మిల్లీమీటర్ల బోల్టు తల సాధారణముగా 13 మిల్లీమీటర్లుండును. కొన్ని పాత నమూనా యంత్రములలో అంగుళపు కొలత బోల్టులు గలవు. అర అంగుళమనగా 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 పానా తగిలించినచో సరిపోయినట్లే తోచును గాని, ఆ కొద్ది వదులే మూలలను తినివేయును. మన జిల్లాలోనే పెనుకొండ వద్ద యర్రమంచిలో 2019 నుండి కార్లు తయారగుచున్నవి. అట్టి కర్మాగారములలో బోల్టు బిగింపునకు సైతము కొలత యుండును. మన పొలములలో కొలత బలమైన చేయి ఒక్కటే.

కనుక నా అభిప్రాయమిది: బిగిసిన బోల్టును తీయుట కేవలము మేస్త్రీ విద్య యని విడిచిపెట్టరాదు. విత్తనశుద్ధిని నేర్పినట్లే దీనిని కూడ గ్రామములలో నేర్పవలెను. “రైతు పని పంట పండించుట, యంత్రమును మేస్త్రీ చూచుకొనును” అనువారు గలరు. మామూలు దినములలో ఆ మాట నిజమే. కాని వాన కురిసిన మరునాడు అందరి గొర్రులును ఒక్కసారే కదలును. పట్టణములోని మేస్త్రీ ఎంతమందికి అందగలడు?

పని వరుస కష్టమైనది కాదు. మొదట తిప్పవలసిన దిక్కు తెలిసికొనవలెను. చాలవరకు ఎడమకు తిప్పిన వదులగును. కాని సైకిలు ఎడమ పెడలు మర ఎదురు దిక్కున నుండును. కలుపు కోయు యంత్రముల బ్లేడు నట్టు కూడ తరచుగా అట్లే యుండును. దిక్కు తెలియక బలము చూపుట బోల్టును విరుచుటయే.

పిమ్మట తీగ బ్రష్షుతో తుప్పు రాల్చి, కిరోసిన్ లేదా డీజిలులో కొంచెము ఇంజను నూనె కలిపి మర మొదట పోయవలెను. రాత్రంతయు నాననిచ్చి, మధ్య మధ్య చిన్న సుత్తితో తలపై తేలికగా తట్టవలెను. ఆ తట్టు తుప్పును విడదీయుటకే గాని బోల్టును కొట్టుటకు కాదు. సరియైన రింగు పానాతో మొదట కొంచెము బిగించి, తరువాత వదులు చేయవలెను. కొంచెము కదలినచో ఒకేసారి లాగక, ముందుకు వెనుకకు తిప్పుచు నూనె పోయవలెను.

తల అప్పటికే గుండ్రనైనచో, ఆకురాయితో ఎదురెదురుగా రెండు పలకలు తీర్చి, తక్కువ కొలత పానాను గాని, పైపు పానాను గాని పట్టింపవచ్చును. చిన్న స్క్రూ గాడి అరిగినచో, హాక్సా బ్లేడుతో క్రొత్త గాడి కోయవచ్చును. నట్టు మొండికేసినచో, దానిని ఉలితో చీల్చివేయుట మేలు; నట్టు పోయినను యంత్ర భాగము నిలుచును. మర అరిగి నట్టు ఊరక తిరుగుచున్నచో, దాని క్రింద ఉలి అంచు దూర్చి పైకి ఎత్తిపట్టి తిప్పవలెను.

వేడి మంచి సాధనమే, కాని ప్రమాదకరము. బోల్టును గాక చుట్టునున్న నట్టును వేడి చేసిన, అది వ్యాకోచించి పట్టు వదలును. కిరోసిన్ పోసిన చోట, డీజిలు ట్యాంకు ప్రక్క, రబ్బరు సీళ్లు, బేరింగుల చెంత మంట పెట్టరాదు. వేడెక్కిన పోత ఇనుముపై నీళ్లు చల్లరాదు, పగులును. విరిగిన బోల్టు మొండెముపై నట్టునుంచి వెల్డింగు చేయించినచో, ఆ వేడికే చాలసార్లు వదులై వచ్చును. ట్రాక్టరుపై వెల్డింగు చేయునపుడు ముందుగా బ్యాటరీ తీగలను ఊడదీయవలెను. ఎర్తు పట్టును పనిచేయు చోటికి దగ్గరగా తగిలించవలెను.

బోల్టు లోపల విరిగినచో, సరిగా నడుమ పంచి గుర్తు పెట్టి డ్రిల్లు చేయవలెను. మరను క్రొత్తగా కోయుటకు 8 మిల్లీమీటర్ల బోల్టుకు 6.8, 10 మిల్లీమీటర్ల బోల్టుకు 8.5 మిల్లీమీటర్ల రంధ్రము సాధారణ కొలత. విరిగిన బోల్టును పట్టి లాగు ఎక్స్‌ట్రాక్టరు మిక్కిలి గట్టి ఉక్కు. అది లోపల విరిగినచో మామూలు డ్రిల్లునకు లొంగదు. ఇంజను దిమ్మెలో గాని, హైడ్రాలిక్ పెట్టెలో గాని బోల్టు విరిగినచో రైతు అచ్చట ఆగి మేస్త్రీని పిలువవలెను. ఎచ్చట ఆగవలెనో తెలియుట కూడ ఈ విద్యలో భాగమే.

ఇక గ్రామోద్యోగులకు ఒక మాట. వ్యవసాయ యాంత్రీకరణకు కేంద్ర ప్రభుత్వపు ఉపపథకము 2014-15లో ఆరంభమైనది. సబ్సిడీపై యంత్రములు, అద్దె కేంద్రములు వచ్చినవి. ఇది మంచి పనియే. కాని ఎన్ని యంత్రములు ఇచ్చితిమను లెక్కతో పని ముగియరాదు. పదును దినమున ఎన్ని నడచినవను లెక్క కూడ కావలెను. 2020లో రైతు భరోసా కేంద్రములుగా ఏర్పడి ఇప్పుడు రైతు సేవా కేంద్రములుగా పిలువబడుచున్న చోట్లలో ఒక పనిముట్ల పెట్టె యుంచవలెను. అందులో రింగు పానాల జత, ఆకురాయి, ఉలి, పంచి, తీగ బ్రష్షు, హాక్సా, కొలతల వారీగా కొన్ని క్రొత్త బోల్టులు, నట్టులు ఉండిన చాలును. పెట్టెను తీసికొన్నవారి పేరు వ్రాయుటకు ఒక పుస్తకము, దానిని చూచుటకు ఒక బాధ్యుడు ఉండవలెను.

అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ గలదు. ప్రతి గ్రామమునుండి ఒకరిద్దరు యువకులు అట్టి చోట శిక్షణ పొందివచ్చినచో, మిగిలినవారికి వారే గురువులగుదురు.

రైతు సోదరులు చేయవలసినది ఇంకను తేలిక. విత్తనము ముగిసిన సాయంత్రమే ఎరువు పెట్టెను కడిగి ఆరబెట్టి, మరలకు గ్రీజు పూసి, గొర్రును నీడకు చేర్చవలెను. మృగశిర కార్తెకు ముందే, రోహిణి ఎండలలో, ప్రతి బోల్టును ఒకసారి విప్పి మరల బిగించి చూడవలెను. మొండికేయు బోల్టు అప్పుడు బయటపడినచో దానిని నానబెట్టుటకు వారము దినములున్నవి. వాన కురిసిన తరువాత బయటపడినచో ఒక్క పూట కూడ లేదు.