మెర్సెడ్ ఎవరి బిడ్డ?

మార్చి నెల సగం గడిచిందంటే చాలు, కాలిఫోర్నియాలో పన్నెండో తరగతి పిల్లలున్న ఇళ్ళల్లో అమ్మలకి అన్నం సయించదు. యూసీల ఫలితాలు ఒకటొకటిగా వస్తుంటాయి. బర్కిలీ వచ్చినవాళ్ళు అదే రోజు వాట్సాప్ గ్రూపులో పిల్లాడి ఫోటో పెడతారు. డేవిస్, ఇర్వైన్, శాన్ డియేగో వచ్చినవాళ్ళు అడిగితే చెబుతారు. మెర్సెడ్ వచ్చినవాళ్ళు అడిగినా చెప్పరు!

ఇదివరకు మా పక్కింట్లో ఉండి, ఇప్పుడు నాలుగు వీధుల అవతలకి మారిన ఒకావిడ ఈ ఏడు నాకు ఫోన్ చేసింది. "అక్కా, అమ్మాయికి మెర్సెడ్ ఒక్కటే వచ్చింది. ఎవరికీ చెప్పకు" అంది. గొంతు చూస్తే ఇంట్లో ఏదో అశుభం జరిగినట్టుంది. వాళ్ళాయన అంతకన్నా పెద్ద మాటే అన్నాట్ట. "అది ఎవరో గవర్నరు ఓట్ల కోసం పొలాల మధ్య కట్టించిన కాలేజీ. రేపు ఇంకో గవర్నరొచ్చి డబ్బులాపేస్తే తాళం పడుతుంది. దానికన్నా రెండేళ్ళు కమ్యూనిటీ కాలేజీలో చదివి బర్కిలీకి మారడం నయం" అని. పిల్లేమో మెర్సెడ్ కే వెళ్తానని పట్టు పట్టింది. మే 1 లోపల చెప్పాలి. "నువ్వు ఇట్లాంటివన్నీ చదువుతుంటావు కదక్కా, ఆయన చెప్పేది నిజమేనా?" అని ఆవిడ ప్రశ్న.

ఫోన్లో సగమే చెప్పగలిగాను, పొయ్యి మీద పప్పు మాడుతుండడం వల్ల. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. మెర్సెడ్ పేరు దాచుకునే అమ్మలు ఇంకా చాలామంది ఉన్నారని నాకు తెలుసు.

ముందు ఒక సంగతి. గవర్నరు అనగానే మనకి రాజ్‌భవన్‌లో ఉండే పెద్దమనిషి గుర్తొస్తాడు. మన తెలుగు రాష్ట్రాల్లో ఆయన చాలా విశ్వవిద్యాలయాలకి ఛాన్సలర్. స్నాతకోత్సవానికి వచ్చి పట్టాలిస్తాడు, వైస్ ఛాన్సలర్ల నియామకాల మీద సంతకం పెడతాడు. ఒక్కోసారి ప్రభుత్వానికీ ఆయనకీ పడదు కూడా. తెలంగాణలో 2022లో విశ్వవిద్యాలయాల ఉమ్మడి నియామక బిల్లు గవర్నరు దగ్గర ఆగిపోయి ఎంత రగడయిందో చూశాం. అమెరికాలో గవర్నరంటే జనం ఓట్లేసి గెలిపించిన మనిషి. మన లెక్కలో ముఖ్యమంత్రి అనుకోండి. ఖజానా తాళాలు ఆయన నడుముకే ఉంటాయి. అందుకే ఇక్కడ ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం పెరిగినా ఎండినా గవర్నరు పేరు వినబడుతుంది.

కాలిఫోర్నియాలో అది ఇంకాస్త గట్టిగా వినబడుతుంది. యూసీని నడిపే రీజెంట్ల మండలిలో 26 మంది సభ్యులు. అందులో 18 మందిని గవర్నరే నియమిస్తాడు, రాష్ట్ర సెనేట్ ఆమోదంతో, 12 ఏళ్ళ పదవీకాలానికి. గవర్నరు హోదా రీత్యా తనే ఆ మండలికి అధ్యక్షుడు కూడా. మరి ఇంత పట్టున్నవాడు తాళం వేయలేడా అంటే, ఒక్కడే వేయలేడు. 1879 నాటి రాష్ట్ర రాజ్యాంగంలోనే యూసీకి స్వయంప్రతిపత్తి రాసి పెట్టారు. పాఠాలు, అడ్మిషన్లు, ఏ క్యాంపస్ ఎట్లా నడవాలి అన్నవి రీజెంట్ల చేతిలో ఉంటాయి. ఆ 12 ఏళ్ళ పదవీకాలం కూడా ఊరికే పెట్టలేదు. ఒక గవర్నరు నియమించినవాళ్ళు ఆయన దిగిపోయాక కూడా కుర్చీల్లో ఉంటారు. గవర్నరు చేతిలో నేరుగా ఉన్నది బడ్జెట్. జనవరిలో ప్రతిపాదిస్తాడు, మేలో సవరిస్తాడు, జూన్ 15 లోపు శాసనసభ ఆమోదించాలి, జూలై 1 నుంచి అమలు. మన పిల్లల ఫీజులు పెరుగుతాయా లేదా అన్నది చాలావరకు ఆ ఆరు నెలల్లో తేలిపోతుంది.

అయితే గవర్నర్లు ఈ పట్టుని ఎట్లా వాడారన్నది వాళ్ళ వాళ్ళ బుద్ధిని బట్టి ఉంది. పాట్ బ్రౌన్ కాలంలో, 1960లో, మాస్టర్ ప్లాన్ వచ్చింది. శాన్ డియేగో, ఇర్వైన్, శాంటా క్రూజ్ క్యాంపస్‌లలో డిగ్రీ తరగతులు 1964, 1965ల్లో మొదలయ్యాయి. ఈ రోజు మనం ఎగబడి దరఖాస్తు చేస్తున్న ఇర్వైన్ కూడా ఒకప్పుడు గడ్డి మేసే పశువుల భూమేనన్నమాట! ఆయన తర్వాత వచ్చిన రీగన్, బర్కిలీ విద్యార్థుల గొడవలని ఎన్నికల ప్రచారంలో వాడుకుని గెలిచాడు. 1967 జనవరిలో గద్దెనెక్కాడో లేదో, ఆ నెలలోనే రీజెంట్ల సమావేశం యూసీ ప్రెసిడెంట్ క్లార్క్ కెర్‌ని తొలగించింది. మాస్టర్ ప్లాన్ వెనక ప్రధానంగా ఉన్నది ఆ కెరే. ఒకే కుర్చీ, ఇద్దరు మనుషులు, రెండు రకాల పనులు.

శాంటా క్రూజ్, ఇర్వైన్ తర్వాత 40 ఏళ్ళపాటు కొత్త యూసీ రాలేదు. శాన్ వాకీన్ లోయ సంగతి మీకు తెలిసిందే. బాదం తోటలు, టొమాటో పొలాలు, పాడి పశువులు. మనం కాస్ట్‌కోలో కొనే బాదం అక్కడిదే. అంత పెద్ద లోయలో ఒక్క యూసీ లేదు. అక్కడ పొలాల్లో, ప్యాకింగ్ షెడ్లలో పని చేసేవాళ్ళ పిల్లలకి యూసీ అంటే ఇల్లు వదిలి దూరాభారం వెళ్ళాల్సిన చోటు. కొత్త క్యాంపస్‌ల ప్రణాళికకి రీజెంట్లు 1988లో ఒప్పుకున్నారు. అప్పటి గవర్నరు డ్యుక్‌మేజియన్, రిపబ్లికన్. 1995లో ఫ్రెస్నో, మడేరా వైపు స్థలాలని కాదని మెర్సెడ్‌ని ఎంచుకున్నారు. అప్పుడున్నది పీట్ విల్సన్, ఆయనా రిపబ్లికనే. స్థానిక పిల్లల చదువుల కోసం వర్జీనియా స్మిత్ అనే ఆవిడ వదిలి వెళ్ళిన భూముల ట్రస్టు ఒకటి అక్కడుంది. క్యాంపస్‌కి స్థలం ఇస్తామని ఆ ట్రస్టు ముందుకొచ్చింది. కాబట్టి మా పొరుగాయన చెప్పిన 'ఓట్ల గవర్నరు' పుట్టించిన బిడ్డ కాదిది. ఆయన వచ్చేసరికి అప్పటికే కడుపున పడి పదేళ్ళయింది.

ఆ గవర్నరు గ్రే డేవిస్. 1999లో పదవిలోకి వచ్చాడు. డెమొక్రాట్. మెర్సెడ్‌ని తొందరగా తెరవాలని పట్టుబట్టింది మాత్రం నిజంగా ఆయనే. 2005 అనుకున్నదాన్ని 2004కి జరపాలన్నాడు. శాక్రమెంటోలో కొందరు పెద్దలు ఇది దుబారా అన్నారు. ఉన్న తొమ్మిది క్యాంపస్‌లకే డబ్బు చాలడం లేదు, పదోది ఎందుకని. పర్యావరణం వాళ్ళకి ఇంకో బాధ. ఆ గడ్డి నేలల్లో వానాకాలం నీళ్ళు నిలిచే చిన్న చిన్న మడుగులుంటాయి, వాటిలో కంటికి ఆనీ ఆనని రొయ్య జాతి బతుకుతుంది. దాన్ని చంపకూడదు. మా నాన్నగారైతే "రొయ్య కోసం కాలేజీ ఆపుతారా" అని నవ్వేవారేమో గానీ, ఇక్కడ అది ఫెడరల్ చట్టం. చివరికి మొదటి భవనాలని మడుగుల జోలికి పోకుండా అక్కడే ఉన్న గోల్ఫ్ మైదానం మీద కట్టారు.

2002 అక్టోబరు నెలాఖరులో శంకుస్థాపన అయింది. గవర్నరు ఎన్నికకి అప్పటికి పదిహేను రోజులు కూడా లేవు. ఆ తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే 'ఓట్ల కోసం' అన్న మాట ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. నాకు అందులో తప్పు కనబడదు. ఓట్ల కోసం చీరలు పంచేవాళ్ళని చూసిన దేశం నుంచి వచ్చినవాళ్ళం. ఓట్ల కోసం ఎవరైనా విశ్వవిద్యాలయం కడతానంటే నేను ముందు వరసలో నిలబడి చప్పట్లు కొడతాను. మన దగ్గర 2008లో రాజశేఖర రెడ్డి గారి హయాంలో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ట్రిపుల్ ఐటీలు వచ్చినప్పుడూ ఇట్లాగే అన్నారు. ఇడుపులపాయ ఆయన సొంత చోటు కదా అని మూతులు తిప్పారు. పల్లెటూరి బడుల్లో పదో తరగతి చదివిన పిల్లలు వాటిలోంచి ఇంజనీర్లై వస్తూనే ఉన్నారు. వాళ్ళలో కొందరు మీ ఆఫీసుల్లోనే ఉండి ఉంటారు, అడిగి చూడండి.

డేవిస్ మళ్ళీ గెలిచాడు. ఏడాది తిరక్కుండానే, 2003 అక్టోబరులో, జనమే ఓటేసి మధ్యలో దింపేశారు. ఆయన కుర్చీలోకి ష్వార్జ్‌నెగర్ వచ్చాడు. ఖజానా ఖాళీ. మా పొరుగాయన భయపడిన ఘట్టం సరిగ్గా అదే. కట్టించినవాడు పోయాడు, ఎదుటి పార్టీవాడు వచ్చాడు, డబ్బు లేదు. బడ్జెట్ కష్టాల వల్ల ఒక ఏడాది ఆలస్యమైంది తప్ప తాళం పడలేదు. 2005 సెప్టెంబరు 5న సుమారు 875 మంది విద్యార్థులతో తలుపులు తెరిచారు. తరగతి గదుల భవనాలు పూర్తి కాకపోతే మొదట్లో లైబ్రరీలోనే పాఠాలు చెప్పారు.

ఆ అయిదారేళ్ళూ గవర్నర్ల వెంట, శాసనసభ్యుల వెంట పడి ఈ పని నడిపించినది ఒకావిడ. కేరొల్ టామ్లిన్సన్-కీసీ, సైకాలజీ ప్రొఫెసర్, మెర్సెడ్ మొదటి ఛాన్సలర్. భవనం లేదు, విద్యార్థి లేడు, ఒక్క ప్రొఫెసర్ లేడు, అప్పుడు ఆవిడ 1999లో ఆ ఉద్యోగం ఒప్పుకుంది. ఒక గవర్నరు తొందర పెడుతుంటే, ఆయన పోయాక ఇంకొకరు లెక్కలడుగుతుంటే, మధ్యలో రొయ్యల అనుమతులు. తలుపులు తెరిచాక ఏడాదికి, 2006లో, పదవి దిగింది. 2009లో రొమ్ము క్యాన్సర్‌తో కన్నుమూసింది. గవర్నర్ల పేర్లు శిలాఫలకాల మీద ఉంటాయి గానీ, మన మ్యాగజైన్‌లో ఆవిడ పేరు ఉండాలని నాకనిపించింది.

ఆ 2009 మే నెలలోనే, 2005లో చేరిన మొదటి పిల్లలు పట్టాలు తీసుకున్నారు. విద్యార్థులు వందలకొద్దీ ఉత్తరాలు రాసి మిషెల్ ఒబామాని పిలిస్తే ఆవిడ వచ్చింది. అదే ఏడాది నవంబరులో రీజెంట్లు అన్ని క్యాంపస్‌లలో ఫీజులు 32 శాతం పెంచారు. ఆర్థిక మాంద్యంలో రాష్ట్రం ఇచ్చే డబ్బు తెగ్గోయడం దానికి కారణం. గవర్నరుతో ఉన్న ముడి నిజంగా ఎక్కడ బిగుస్తుందో చూశారా? క్యాంపస్‌కి తాళం పడదు, మన చెక్కుబుక్కుకి చిల్లు పడుతుంది. ఆ చిల్లు బర్కిలీకీ అంతే, మెర్సెడ్‌కీ అంతే. తర్వాత పాట్ బ్రౌన్ కొడుకు జెర్రీ బ్రౌన్ గవర్నరుగా ఉండగా 2012లో పన్నులు పెంచే ప్రపొజిషన్ 30 గెలిచింది, కొన్నేళ్ళు ఫీజులు నిలకడగా ఉన్నాయి.

ఈలోగా మెర్సెడ్ పెరుగుతూనే ఉంది. సుమారు 130 కోట్ల డాలర్లతో, ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో క్యాంపస్‌ని దాదాపు రెండింతలు చేసే పని 2020కి ముగిసింది. ఇప్పుడు తొమ్మిది వేల మందికి అటూ ఇటూగా చదువుతున్నారు. 2025లో కార్నెగీ వర్గీకరణలో పరిశోధనకి అన్నిటికన్నా పై మెట్టు, ఆర్‌1, అందుకుంది. యూసీఎస్‌ఎఫ్‌తో కలిసి డిగ్రీ నుంచి వైద్యవిద్య దాకా ఒకే వరసలో సాగే కోర్సు 2023లో మొదలైంది. డాక్టరమ్మ కలలున్నవాళ్ళు దీని కోసం పరుగెత్తకండి, అది ఆ లోయలో పెరిగిన పిల్లల కోసం ఉద్దేశించింది. బే ఏరియా పిల్లలకి వర్తించదు.

ఇంక 'మెర్సెడ్ ఒక్కటే వచ్చింది' అన్న మాట గురించి. రాష్ట్రంలో పై 9 శాతంలో ఉన్న పిల్లలకి, అడిగిన క్యాంపస్ ఏదీ రాకపోతే, ఖాళీ ఉన్న చోట సీటిస్తామని యూసీ హామీ. ఇటీవల ఆ ఖాళీ ఎక్కువగా మెర్సెడ్‌లోనే ఉంటోంది. అంటే అడక్కుండా మెర్సెడ్ పిలుపు వచ్చిన పిల్ల పై తొమ్మిది శాతంలో ఉన్న పిల్ల. మనం దాన్ని ఇంట్లో ఏడుపుగా మార్చాం.

ఏప్రిల్‌లో ఒక శనివారం వాళ్ళతో పాటు నేనూ వెళ్ళాను. ఫ్రీమాంట్ నుంచి పచేకో కనుమ మీదుగా, శాన్ లూయిస్ జలాశయం దాటి, రెండు గంటల పైచిలుకు. కొండలు అప్పుడప్పుడే పచ్చ నుంచి పసుపుకి తిరుగుతున్నాయి. క్యాంపస్ కంచె అవతల ఆవులు మేస్తున్నాయి. వాళ్ళాయన ఆ ఆవుల వంక చూసి ఏదో అనబోయి ఊరుకున్నాడు. లోపల మాకు చుట్టూ తిప్పి చూపించిన అమ్మాయి వాళ్ళింట్లో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటి మనిషి. ఇక్కడి విద్యార్థుల్లో సగానికి పైగా అట్లాంటివాళ్ళే. రెండో సంవత్సరంలోనే ప్రొఫెసర్ ల్యాబులో పని దొరికిందని, పెద్ద క్యాంపస్‌లలో చదివే స్నేహితులు ఇంకా వరసలో ఉన్నారని చెప్పింది. మా పిల్ల ఆ మాట పట్టుకుని ఆ అమ్మాయి వెనకే నడిచింది, మమ్మల్ని వదిలేసి.

మంచివే చెప్పి పంపడం నాకిష్టం లేదు. ఎండాకాలం అక్కడ రెంటచింతలే. శీతాకాలం 99వ నంబరు రోడ్డు మీద పట్టే పొగమంచులో ముందున్న కారు కనబడదు, ఆ నెలల్లో రాత్రిపూట బయల్దేరనివ్వకండి. ఊరు చిన్నది. పెద్ద కంపెనీలు బర్కిలీకి వచ్చినట్టు అక్కడికి వరస కట్టవు, ఇంటర్న్‌షిప్ కోసం పిల్లే తిరగాలి. కమ్యూనిటీ కాలేజీ దారి కూడా చెడ్డదేం కాదు, డబ్బు బాగా మిగులుతుంది. అయితే రెండేళ్ళ తర్వాత బర్కిలీ తప్పకుండా వస్తుందని ఎవరూ రాసివ్వరు, అది కూడా లెక్కలో వేసుకోవాలి.

తిరిగొచ్చేటప్పుడు లాస్ బానోస్‌లో టీ కోసం ఆగాం. అమ్మాయి ఫోన్‌లో హాస్టల్ గదుల ఫోటోలు చూసుకుంటోంది. వాళ్ళాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా వైపు తిరిగి, "అయితే అక్కా, మే సవరణ బడ్జెట్ ఏ తారీకున వస్తుంది?" అని అడిగాడు. మే నెల సగంలోపు వస్తుందని చెప్పాను. కప్పు కింద పెట్టి, "ఒకటో తారీకుకే డబ్బు కట్టేయాలిగా మరి" అన్నాడు. వాళ్ళావిడ నాకు కాలుతో తట్టింది, ఇంకేమీ అనొద్దని.