స్త్రీల ఆరోగ్యము: గడ్డ చెప్పు జాతకము

రొమ్మునందలి గడ్డనుండి చిన్న ముక్క తీసి పరీక్షించిన పిమ్మట ఆసుపత్రివా రొక కాగితము నిత్తురు. పెక్కు గృహములలో దానిని మగవారే చదివి, రోగి బెంగపెట్టుకొనునని మడిచి బీరువాలో దాచివేయుదురు. ఇది ప్రేమచేతనే జరుగును గాని మంచి పని కాదు. ఏ మందు పనిచేయునో, ఏది వృథాయో ఆ కాగితములోని రెండు మూడు పంక్తులే చెప్పును.

పూర్వము రాచపుండనిన నొక్కటే జబ్బు. గడ్డ యెంత పెద్దది, చంకలోని గ్రంథులకు ప్రాకినదా యని మాత్రమే వైద్యులు చూచెడివారు. అవి నేటికిని ముఖ్యములే. కాని సమానమైన గడ్డలుగల యిద్దరిలో నొకతెకు నయమై, మరియొకతెకు వ్యాధి తిరుగబెట్టుట యేల? 1896లో గ్లాస్గో నగరపు శస్త్రవైద్యుడు జార్జి బీట్సన్, అండాశయములు తీసివేయగా ముదిరిన రొమ్ముగడ్డ కరగిన సంగతి ప్రకటించెను. అందరికి నట్లు కరగలేదు. కారణము చాలకాలమునకు షికాగోలో ఎల్వుడ్ జెన్సెన్ పరిశోధనలవలన తెలిసినది. కొన్ని గడ్డల కణములలో ఈస్ట్రోజెన్ హార్మోనును పట్టుకొను గ్రాహకములు కలవు. తాళమునకు చెవి యెట్లో గ్రాహకమునకు హార్మోను అట్లు. ఆ గడ్డ హార్మోనుతోనే పెరుగును. దాని నడ్డగించు టామాక్సిఫెన్ వంటి మాత్రలకు లొంగును. కాగితముపై ఈ.ఆర్., పి.ఆర్. అని వ్రాయునవి యీ హార్మోను గ్రాహకములే.

మూడవది హెర్-2. 1987లో అమెరికాలో డెన్నిస్ స్లామన్ ప్రభృతులు, ఈ జన్యువు మితిమీరి యున్నవారిలో వ్యాధి త్వరగా తిరుగబెట్టుచున్నదని కనుగొనిరి. అది నాడు అపశకునమే. 1998లో ఆ హెర్-2నే పట్టి యడ్డగించు ట్రాస్టుజుమాబ్ అను మందునకు ఆ దేశమున అనుమతి లభించెను. భయపెట్టిన గుర్తే మందునకు దారి చూపినది! కావున హెర్-2 కలదని విని కంటనీరు పెట్టుటకు ముందు ఆ మందు సంగతి యడుగుడు.

ఈ మూడును లేని గడ్డలు మన దేశమున పాశ్చాత్యదేశములకన్న హెచ్చు. వానికి కీమో చికిత్సయే ప్రధానము.

కీమో అందరికి నవసరమా? హార్మోను గ్రాహకములుండి, హెర్-2 లేక, చంకకు ప్రాకని గడ్డలపై 21 జన్యువుల పరీక్ష యొకటి కలదు. అది 0 మొదలు 100 వరకు నొక సంఖ్య నిచ్చును. 2018లో ప్రకటింపబడిన గొప్ప పరిశోధనలో, సంఖ్య 11 మొదలు 25 వరకు వచ్చినవారిలో ఏబది యేండ్లు దాటిన స్త్రీలకు కీమోవలన నదనపు లాభము కనబడలేదు. అంతకు చిన్నవారిలో 16 మొదలు కొంత లాభము కనబడినది. పరీక్ష వెల మాత్రము మనవంటివారికి భారమే.

ఒక సంగతి ప్రత్యేకముగ చెప్పవలెను. పైని చెప్పినవి గడ్డయొక్క గుర్తులు, వంశపువి కావు. తల్లికి హెర్-2 యున్నదని కూతురి పెండ్లి సంబంధము చెడగొట్టువారు అజ్ఞానులు. వంశానుగతమైన బి.ఆర్.సి.ఎ. జన్యుదోషము వేరు, దానిని రక్తపరీక్షవలన తెలిసికొందురు.

కాగితము నకలు నడిగి మీయొద్ద నుంచుకొనుడు. గడ్డ ముక్కను మైనపు దిమ్మలో భద్రపరతురు. వేరొక వైద్యుని యభిప్రాయము కోరునపుడు దానిని తీసికొనిపోవచ్చును. వ్యాధి మరియొకచోట తిరుగబెట్టినచో, వీలైనంతవరకు క్రొత్త ముక్కను మరల పరీక్షింపవలెను, గుర్తులు మారియుండవచ్చును.