రిస్కుకు కులం లేదా?

2023 నవంబరులో రిజర్వు బ్యాంకు హామీలేని వినియోగ రుణాలపై రిస్కు వెయిటేజీని 100 నుంచి 125 శాతానికి, బ్యాంకుల క్రెడిట్ కార్డు బకాయిలపై 125 నుంచి 150 శాతానికి పెంచింది. నాటి నుంచి చర్చంతా బ్యాంకుల భద్రత చుట్టూనే తిరుగుతోంది. ‘రిస్కు ఉన్న రుణగ్రహీత’ ఎవరన్న ప్రశ్నను మాత్రం ఎవరూ అడగడం లేదు. ఆ ప్రశ్నకు జవాబు జంగారెడ్డిగూడెం మెట్ట పొలాల్లో దొరుకుతుందని నా అభిప్రాయం.

ఇక్కడ భూమి ప్రధానంగా ఆధిపత్య కులాల పేరిట ఉంది. కౌలుకు సాగు చేసేవారిలో దళితులు, వెనుకబడిన కులాలవారు ఎందరో ఉన్నారు. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు కార్డు రావాలంటే యజమాని సంతకం కావాలి. భూమిపై హక్కు పోతుందన్న భయంతో చాలామంది సంతకం చేయరు. పట్టా ఉన్న యజమానికి 3 లక్షల వరకు పంట రుణం 7 శాతానికి, సకాలంలో తీరిస్తే 4 శాతానికే అందుతుంది. కార్డు లేని కౌలు రైతు సూక్ష్మరుణ సంస్థను ఆశ్రయిస్తే వడ్డీ సాధారణంగా 20 శాతం పైమాటే. నేల ఒకటే, వాన ఒకటే, పంట ఒకటే. నష్టభయమంతా మోసేవాడికి ఎక్కువ వడ్డీ, ఏమీ మోయనివాడికి తక్కువ వడ్డీ!

రుణ దరఖాస్తులో కులం గడి ఉండకపోవచ్చు. కానీ అది అడిగే పట్టా, జీతం చీటీ, పాత రుణాల చరిత్ర కులాలవారీగానే పంపిణీ అయ్యాయి. తొలి ఉద్యోగం పొందిన దళిత విద్యార్థికి క్రెడిట్ కార్డు విలాసం కాదు; తండ్రి వైద్యానికీ, చెల్లి చదువుకూ కుటుంబానికున్న ఏకైక ఆధారం.

రక్షణలు మాత్రం తరిగిపోతున్నాయి. రుణగ్రస్తుల ఆత్మహత్యల నేపథ్యంలో 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్రం సూక్ష్మరుణ సంస్థలపై ఆర్డినెన్స్ తెచ్చింది. 2022 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు ఈ రుణాలపై వడ్డీ పరిమితిని తొలగించింది. క్రెడిట్ కార్డు బకాయిలపై 30 శాతం మించిన వడ్డీ అనుచితమన్న జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పును 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు కొట్టివేసింది.

యజమాని సంతకంతో నిమిత్తం లేకుండా, గ్రామ సచివాలయ ధ్రువీకరణతో కౌలు కార్డులు ఇవ్వాలి. వడ్డీకి చట్టబద్ధమైన గరిష్ఠ పరిమితి విధించాలి. ఏ సామాజిక వర్గానికి ఎంత రుణం, ఎంత వడ్డీకి ఇస్తున్నారో రుణసంస్థలు ఏటా వెల్లడించాలి. ఆ లెక్కలు బయటికొస్తే, రిస్కు పేరుతో వసూలవుతున్నదానిలో కులం వాటా ఎంతో తేలుతుంది.